సగము మార్చిన గొట్టము

వీధి క్రిందినుండి ఇంటి కుళాయి వరకు నీరు తెచ్చు గొట్టము ఎవరి సొత్తు? ప్రశ్న చిన్నదిగనే తోచును. కాని అమెరికాలోని కొన్ని నగరములలో పసిపిల్లల ఆరోగ్యము ఈ ప్రశ్నపై ఆధారపడినది.

అచ్చటి పాత యిండ్లకు నీరు తెచ్చినది సీసపు గొట్టము. సీసము మెత్తని లోహము. ఎటు వంచిన అటు వంగును. నేల కుంగినను పగులదు. అందుచేతనే పూర్వము రోమకులు సీసపు రేకులను చుట్టి గొట్టములు చేసిరి. లాటిను భాషలో సీసమునకు ప్లంబమ్ అని పేరు. గొట్టముల పనివానికి ప్లంబరను పేరు వచ్చినది ఆ మాటనుండియే. అయినను ఆ కాలముననే విట్రూవియస్ అను వాస్తుశిల్పి, సీసపు పనివారి పాలిపోయిన మేనులను చూపి, మట్టి గొట్టముల నీరే మేలని వ్రాసెను. లోకము ఆ మాటను రెండువేల యేండ్లు పెడచెవిని పెట్టినది. షికాగో నగర నిబంధనలు 1986 వరకు ఇండ్లకు సీసపు గొట్టములనే వేయుమని శాసించుచుండెను!

సీసము కలిసిన నీటికి రంగు మారదు, రుచి మారదు, వాసన రాదు. రాత్రి యెల్ల గొట్టములో నిలిచి తెల్లవారి మొదట వచ్చు నీటిలో అది హెచ్చుగా నుండవచ్చును. తల్లి బిడ్డకు పాలపొడి కలుపునదియు ఆ నీటిలోనే. ఎదుగుచున్న మెదడునకు సీసము చేయు హాని మరల చక్కబడునది కాదు.

2000 నవంబరులో వాషింగ్టను నగరపు నీటిలో క్లోరినునకు బదులు క్లోరమీను కలుపనారంభించిరి. గొట్టముల లోపల ఏండ్ల తరబడి పేరుకొని సీసమును కప్పియుంచిన పొర ఆ మార్పుతో చెదరినది. కుళాయి నీటిలో సీసము పెరిగినది. 2004 ఆరంభమున ఈ సంగతి పత్రికల కెక్కగా నగరము గగ్గోలు పడెను. నీటి సరఫరా సంస్థ పాత గొట్టములు తీసి రాగివి వేయ బూనెను. అయితే వీధిలోని భాగము సంస్థది. ఆవరణలోని భాగము గృహస్థునిది. స్వంత ఖర్చుతో తన భాగమును మార్పించుకొన్నవారు కొందరే. తక్కిన వేలకొలది ఇండ్లకు ముందు రాగి, వెనుక సీసము మిగిలినవి.

సగమైనను బాగుపడినది గదా యని ఎవరికైనను తోచును. పదార్థ విజ్ఞానము చదువు విద్యార్థికి మాత్రము ఇచ్చట అనుమానము కలుగవలెను. రెండు వేరు లోహములను తాకించి నీటిలో నుంచినచో ఏమగును? విద్యుద్ఘటమగును. వోల్టా రాగి, తుత్తునాగపు బిళ్ళలతో చేసినది ఇదే. రాగి, సీసముల జంటలో తరిగిపోవునది సీసము. అది చేరునది త్రాగు నీటిలోనికి. పాత గొట్టమును కోయునప్పటి కుదుపునకు లోపలి పెళ్ళలు ఊడి కుళాయి వెంట వచ్చుట మరియొక బాధ. వాషింగ్టను పిల్లల రక్త పరీక్షలను పరిశీలించి ప్రభుత్వ శాస్త్రజ్ఞులు 2011లో ఫలితము ప్రకటించిరి: సగము గొట్టము మార్చిన ఇండ్లలో పిల్లలకు ముప్పు తగ్గలేదు. సొమ్ము పోయినది గాని సీసము పోలేదు.

విస్కాన్సిన్ రాష్ట్రములోని మాడిసన్ పట్టణము వేరు త్రోవ త్రొక్కినది. నీటిలో ఫాస్ఫేటు కలిపి గొట్టముల లోపల పూత పట్టించుట సులభోపాయమే. కాని ఆ ఫాస్ఫేటు తుదకు సరస్సులలో చేరి నాచును పెంచును. ఆ పట్టణమునకు సరస్సులే సొగసు. అందుచే గృహస్థులు తమ భాగమును గూడ తప్పక మార్చవలెనని 2000లో పట్టణ సభ శాసించెను. సగము ఖర్చు, 1,000 డాలర్లకు మించకుండ, పట్టణమే తిరిగి యిచ్చును. నీటి రుసుముల సొమ్మును పరుల స్థలములో వెచ్చింపరాదని రాష్ట్ర నియంత్రణ సంఘము అడ్డుపడెను. అప్పుడు నీటి ట్యాంకులపై చోటును సెల్ ఫోను కంపెనీల ఏరియళ్ళకు అద్దెకిచ్చి ఆ డబ్బు కూర్చిరి. మెచ్చదగిన యుక్తి!

పని చేయు తీరు ముచ్చటైనది. వీధిలో ఒక గొయ్యి త్రవ్వుదురు. పాత గొట్టములో ఉక్కు త్రాడు దూర్చి, దాని వెనుక మెత్తని రాగి గొట్టమును తగిలించి లాగుదురు. సీసము బయటికి వచ్చుచుండగా ఆ దారినే రాగి లోనికి పోవును. పెరటి మొక్కలు చెడవు. రాగికిని దోషము లేకపోలేదు. ఆమ్లగుణము గల నీరు దానిని తిని, తొట్లపై పచ్చని మరకలు వేయును. అతుకుల టంకములో సీసము ఉండరాదు. త్రాగునీటి గొట్టములకు అట్టి టంకమును అమెరికా 1986లోనే నిషేధించెను. ఇక మన్నిక మాట: ఐగుప్తులో అబూసీరు వద్ద సహూరా రాజు ఆలయమున నాలుగు వేల యేండ్లు దాటిన రాగి గొట్టములు బయల్పడినవి.

మాడిసన్‌లో 2001లో మొదలైన పని, దాదాపు 8,000 ఇండ్లకు సాగి, పదునొకండేండ్లలో ముగిసినది. 2014లో మిషిగన్ రాష్ట్రపు ఫ్లింటు పట్టణము నదీజలమునకు మారి, గొట్టములను కాపాడు రసాయనమును కలుపక విపత్తు తెచ్చుకొన్నది. అచ్చట 2016లో గొట్టములు మార్చ నారంభించినపుడు గృహస్థుల నొక్క డాలరైనను అడుగలేదు. వీధినుండి ఇంటి లోపలి మీటరు వరకు పాత గొట్టమంతయు తీసి రాగి వేసిరి.