వలపు నుంచి ‘వెళ్లాలి’ దాకా

‘వెళ్లాలి’, ‘వెళ్లొచ్చు’, ‘వెళ్లరాదు’... పని ఒకటే, దాని వెనకున్న మనసు వేరు. ఆ మనసును చెప్పే చిన్న ముక్కలన్నీ ఒకప్పుడు సొంత అర్థంతో బతికిన క్రియలే.

● ‘వెళ్లాలి’ చివరి ‘ఆలి’ పాత ‘వలెను’కు అరిగిన రూపం. దాని మూలమైన ‘వలయు’ వలపుకూ వలచడానికీ చుట్టమే. అంటే, కోరికే ముదిరి విధి అయింది! ‘వలదు’ అరిగి ‘వద్దు’గా మిగిలింది. ‘ఈపాటికి బస్సు వచ్చి ఉండాలి’ అన్నప్పుడు విధి కూడా పోయి ఊహ ఒక్కటే ఉంటుంది.

● ‘నాకు ఈత వచ్చు’ అంటే నేర్పు. ‘ఇక మీరు వెళ్లవచ్చు’ అంటే అనుమతి. ‘సాయంత్రం వాన పడవచ్చు’ అంటే అనుమానం. మూడింట్లోనూ ఎవరూ ఎక్కడికీ రావడం లేదు.

● ఇంగ్లిష్‌ ‘క్యాన్‌’కు తొలి అర్థం ‘తెలుసు’. ‘షల్‌’లో బాకీ, ‘విల్‌’లో కోరిక ఉండేవి. చివరికి రెండూ భవిష్యత్తు చెప్పే కొలువులోనే చేరాయి.

● గ్రీకులో ‘కోరుతున్నాను’ అనే ‘థెలో’ అరిగి భవిష్యత్తు చెప్పే ‘థా’ అయింది. ఏ చుట్టరికమూ లేని ఆఫ్రికా భాష స్వాహిలీలోనూ ‘తాకా’ (కోరు) నుంచి ‘తా’ వచ్చింది.

● జనం నోట లాటిన్‌ ‘కంతారే హబెయో’ అంటే ‘పాడాల్సి ఉంది’. ఆ రెండు మాటలూ అతుక్కుపోయి ఫ్రెంచిలో ‘షాంత్‌రే’ అయ్యాయి. ఇప్పుడు అర్థం ‘పాడతాను’.

● వేదంలో తలంపును, సంకల్పాన్ని చెప్పే ‘లేట్‌’ లకారం (క్రియారూపం) ఉంది. పాణిని కాలానికే అది వేదభాషకు పరిమితం. తర్వాతి సంస్కృతంలో కనబడదు. కానీ ‘భవాని’ వంటి ఉత్తమపురుష రూపాలు ఆజ్ఞను చెప్పే ‘లోట్‌’ పంచన చేరి బతికిపోయాయి.

● ‘శుభం కలుగును గాక’లోని ‘గాక’ ఇప్పుడు ఎక్కువగా ప్రార్థనల్లోనే వినిపిస్తుంది. ఇంట్లో పెద్దలు ‘చల్లగా ఉండు’ అని ఆజ్ఞ రూపంలోనే దీవిస్తారు.

● ‘అబద్ధమాడరాదు’ అంటే నిషేధం. అదే ‘రాదు’ తెలంగాణ ఇంటి గుమ్మంలో ‘జర కూసోరాదే’ అని పలుకుతుంది. ‘కూర్చోకూడదా?’ అని అడగడంలోంచే ఆ పిలుపు పుట్టింది. కాదంటూనే కూర్చోబెట్టే మాట!