చిన్న స్పోర్టీ కారుకు కొత్త టైర్లు: కొలత, ఎంపిక, బిగింపు

చిన్న స్పోర్టీ కారుకు ఏ సైజు టైరు వేయాలో డ్రైవర్ తలుపు తీయగానే కనిపించే స్టిక్కరు చెబుతుంది. ముందు, వెనక చక్రాల్లో ఎంత గాలి ఉండాలి, నిండా జనం ఎక్కితే ఎంత పెంచాలి అన్నవీ దాని మీదే ఉంటాయి. మారుతి స్విఫ్ట్ పై వేరియంట్లకు 185/65 ఆర్15, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌కు 195/55 ఆర్16 కంపెనీ వేసి పంపిన సైజులు. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ, ఫియట్ అబార్త్ పుంటో వంటివి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతున్నాయి. అలాంటి బండికి పాత యజమాని ఎక్కించిన టైరు కంపెనీ సైజేనా కాదా అన్నది ముందు తేల్చుకోవాలి.

సైజు తర్వాత చూడాల్సింది బండి తిరిగే దారులు. పశ్చిమ ప్రకాశంలో ఒకే టైరు మూడు రకాల దారులు చూస్తుంది. కొనకనమిట్ల నుంచి మార్కాపురం, పొదిలి, కనిగిరి వైపు సాగే మైదానపు రోడ్లు మొదటివి. గిద్దలూరు దాటాక నంద్యాల వైపు, దోర్నాల దాటాక శ్రీశైలం వైపు నల్లమలలో మెలికలు తిరిగే ఘాట్ రోడ్లు రెండోవి. పలకల గనుల దగ్గర, పొలాల మధ్య రాళ్లు తేలిన పల్లె దారులు మూడోవి. మే నెలలో ఎండ 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఏడాదిలో చాలాకాలం పొడిగా ఉండే నేల మీద అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు ఒక్కసారిగా పడతాయి. అందువల్ల ఇక్కడి టైరుకు వేడిని, రాయిని తట్టుకునే బలంతో పాటు తడి రోడ్డు మీద పట్టు కూడా కావాలి.

ఎప్పుడు మార్చాలి

కొత్త కారు టైరు గాళ్ల లోతు సుమారు 7, 8 మిల్లీమీటర్లు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కార్లకు అది 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాళ్ల అడుగున అక్కడక్కడా అడ్డంగా ఉండే చిన్న రబ్బరు కట్టలు ఈ హద్దును చూపిస్తాయి. టైరు అరిగి వాటితో సమమైతే దాని పని అయిపోయినట్టే. అయితే తడి రోడ్డు మీద పట్టు అంతకు ముందే జారిపోతుంది. గాళ్లు నీటిని పక్కలకు తోయలేనప్పుడు చక్రం నీటి పొర మీద తేలుతుంది, అప్పుడు బ్రేకుకూ స్టీరింగుకూ కారు లొంగదు. అందుకే లోతు 3 మిల్లీమీటర్లకు చేరిన టైర్లను వానాకాలానికి ముందే మార్చడం మంచిది.

అరుగుదల తీరు కారు ఆరోగ్యాన్నీ చెబుతుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో నడిచిందని, నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువైందని అర్థం. ఒక అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. మచ్చలు మచ్చలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లను, సస్పెన్షన్ కీళ్లను చూడాలి. ఈ లోపాలు సరిచేయకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అలాగే పాడవుతాయి. పక్క గోడ మీద బుడిపె లేచిందంటే లోపలి దారాలు తెగాయని అర్థం. దానికి రిపేరు లేదు, గాళ్లు ఎంత లోతుగా ఉన్నా టైరు మార్చాల్సిందే.

టైరు మీద రాత

185/65 ఆర్15 88హెచ్ అన్న రాతలో 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్ నిర్మాణం, 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 88 బరువు సూచిక, ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని దాని భావం. హెచ్ వేగ సూచిక, గంటకు 210 కిలోమీటర్ల వరకు ఆ టైరు తట్టుకుంటుంది. టి అయితే 190, వి అయితే 240.

అంత వేగంతో ఎవరూ నడపరు కాబట్టి ఈ అక్షరం అక్కర్లేదనుకోవడం పొరపాటు. వేగ సూచిక టైరు వేడిని తట్టుకునే శక్తికి కూడా కొలత. ఎండాకాలంలో నిండు బరువుతో గంటల తరబడి నడిచే కారుకు కంపెనీ చెప్పిన అక్షరం కంటే కింది స్థాయి టైరు వేయకూడదు.

పెద్ద సైజు మోజు

స్పోర్టీ కారు కొన్నవారిని ముందుగా ఆకర్షించేది వెడల్పాటి టైరు, పెద్ద అల్లాయ్ చక్రం. ఇక్కడ లెక్క చూడాలి. 185/65 ఆర్15 టైరు మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16 వ్యాసం 620.9 కాబట్టి స్పీడోమీటర్ లెక్క మారదు. 205/60 ఆర్15 వ్యాసం 627, తేడా ఒక శాతం లోపే. 195/50 ఆర్16 మాత్రం 601.4కు పడిపోతుంది. మూడు శాతం దాటిన ఈ తేడాతో మీటరు అసలు కంటే ఎక్కువ వేగం చూపిస్తుంది, కారు నేలకు పది మిల్లీమీటర్లు దగ్గరవుతుంది.

వ్యాసం కుదిరినంత మాత్రాన సరిపోదు. 185/65కు 5 నుంచి 6.5 అంగుళాల వెడల్పు రిమ్ము సరిపోతుంది. 205/60కు కనీసం 5.5 అంగుళాలు కావాలి. 5 అంగుళాల రిమ్ముకు ఆ టైరు ఎక్కిస్తే పక్క గోడలు లోపలికి ముడుచుకుని మలుపుల్లో ఊగుతాయి. 16 అంగుళాల చక్రంతో పక్క గోడ 120 నుంచి 107 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ఘాట్ మలుపులో స్టీరింగ్ చురుగ్గా స్పందించడానికి ఇది పనికొస్తుంది. కానీ రాళ్ల దారిలో గుంత అంచు తగిలితే రిమ్ము వంగేది, టైరు బుడిపె కట్టేది ఇలా గోడ పొట్టిగా ఉన్నప్పుడే. వెడల్పు పెరిగిన కొద్దీ నీటిపై తేలే గుణం, ఇంధన ఖర్చు కూడా పెరుగుతాయి. పశ్చిమ ప్రకాశం దారులకు కంపెనీ సైజులోనే మంచి రబ్బరున్న టైరు వేయడం పెద్ద చక్రం వేయడం కంటే ఎక్కువ పట్టునిస్తుంది.

అయినా చక్రాలు మార్చదలిస్తే బోల్టు రంధ్రాల అమరిక, నడిమి రంధ్రం కొలత కూడా కలవాలి. స్విఫ్ట్‌కు నాలుగు నట్లు, వాటి వలయం వ్యాసం 100 మిల్లీమీటర్లు, నడిమి రంధ్రం 54.1. బయటి కంపెనీ అల్లాయ్‌కు ఈ రంధ్రం పెద్దదిగా ఉంటే సరైన రింగు వేసి నింపాలి. లేకపోతే బ్యాలెన్సింగ్ ఎంత చేయించినా స్టీరింగ్ వణుకు తగ్గదు.

ఏ రకం కొనాలి

టైర్ల రకాలు ఇచ్చిపుచ్చుకునే బేరం లాంటివి. మెత్తని రబ్బరు బాగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది, తడిలో జారుతుంది. ఏటా ఎక్కువగా మైదానపు రోడ్ల మీద తిరిగే కారుకు మన్నికైన టూరింగ్ రకం చాలు. నల్లమల ఘాట్లలో తరచూ నడిచే, ఇంజిన్ బలమున్న కారుకు తడి పట్టు మీద దృష్టి పెట్టి తయారైన రకం మేలు. మంచు ప్రాంతాల కోసం చేసిన శీతాకాలపు టైర్లు ఈ ఎండలో త్వరగా అరుగుతాయి, వాటితో ఇక్కడ పని లేదు.

మన దేశంలో కారు టైరుకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. తడి పట్టు, దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం, శబ్దం అనే మూడు అంశాలకు ఏఐఎస్-142 ప్రమాణాన్ని కేంద్రం 2022 జూన్‌లో నోటిఫై చేసింది.

కొనే ముందు పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చూడాలి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న సరుకును తగ్గింపు ధర చూసి తీసుకోకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి బిల్లులో పన్ను సరిచూసుకోవాలి. తయారీ లోపం మీద వారంటీ అడగాలన్నా బిల్లే ఆధారం.

బిగింపు

నాలుగూ ఒకేసారి మార్చడం ఉత్తమం. రెండే మార్చితే కొత్తవి వెనక వేయాలి. ముందు చక్రాలు లాగే కారుకు కొత్తవి ముందే వేయాలనిపిస్తుంది గానీ, తడి మలుపులో అరిగిన వెనక టైర్లు జారితే కారు గిర్రున తిరుగుతుంది. దాన్ని అదుపు చేయడం ముందు చక్రాలు జారినప్పటి కంటే చాలా కష్టం.

మిషన్ మీద టైరు విప్పేటప్పుడు గాలి సెన్సార్లున్న కారైతే ఆ సంగతి మెకానిక్‌కు ముందే చెప్పాలి. రిమ్ము అంచుల తుప్పు, పాత సీలెంటు గీకి శుభ్రం చేయాలి. రబ్బరు వాల్వు ప్రతిసారీ కొత్తది వేయాలి, పాత వాల్వు నుంచి గాలి మెల్లగా కారుతుంది. టైరు మీద బాణం గుర్తుంటే అది ముందుకు దొర్లే దిక్కు. అవుట్‌సైడ్ అని రాసిన వైపు బయటికి రావాలి. పసుపు చుక్క టైరు తేలికైన చోటును చూపిస్తుంది, దాన్ని వాల్వు దగ్గర పెడితే బ్యాలెన్సింగ్ బరువులు తక్కువ పడతాయి.

నట్లు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా, విడతలుగా బిగించాలి. పోలోకు నట్లు కాకుండా బోల్టులుంటాయి. గాలి తుపాకీతో చివరిదాకా బిగిస్తే స్టడ్ తెగవచ్చు, బ్రేక్ డిస్కు వంకరపోవచ్చు. చివరి బిగింపు టార్క్ రెంచితో కారు పుస్తకంలో చెప్పినంతే ఇవ్వాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి సరిచూడాలి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ వేర్వేరు పనులు. మొదటిది చక్రం బరువును సరిచేస్తుంది, రెండోది చక్రాల కోణాలను. అలైన్‌మెంట్ మిషన్ లేని షాపులో టైర్లు వేయిస్తే ఆ పనిని పట్టణంలో వెంటనే పూర్తి చేయించాలి.

వేశాక

కొత్త టైరు ఉపరితలం మొదట జారుడుగా ఉంటుంది కాబట్టి తొలి రెండు మూడు వందల కిలోమీటర్లు ఘాట్ మలుపుల్లో నెమ్మదిగా నడపాలి. గాలి ఉదయం, బండి కదలక ముందు చూడాలి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే పీడనం దాదాపు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం పెరిగిందని గాలి తీసేస్తే చల్లబడ్డాక తక్కువైపోయి అంచులు వేడెక్కి పాడవుతాయి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది, కాబట్టి డబ్బు పెట్టి నైట్రోజన్ నింపించడం కంటే పక్షానికోసారి గాలి చూసుకోవడమే ప్రయోజనకరం.

పది వేల కిలోమీటర్లకోసారి ముందు, వెనక చక్రాలను మార్చుకోవాలి. బాణం గుర్తున్న టైర్లను ఒకే పక్కన ముందుకూ వెనకకూ మార్చాలి. స్టెప్నీ సైజు చిన్నదైతే దాన్ని ఈ మార్పులో కలపకూడదు. దాని మీద రాసిన వేగ పరిమితికి లోబడి పంక్చర్ షాపు వరకే వాడాలి. నేలకు తగిలే ట్రెడ్ భాగం మీద పడ్డ చిన్న రంధ్రాన్ని లోపలి నుంచి ప్యాచ్ వేసి సరిచేయవచ్చు. పక్క గోడ చిరిగితే ఆ టైరు మళ్లీ రోడ్డెక్కకూడదు. గాళ్లు మిగిలి ఉన్నా తయారై ఐదేళ్లు దాటిన టైరును ఏటా పగుళ్ల కోసం పరీక్షించాలి, పదేళ్లు దాటితే స్టెప్నీతో సహా తీసేయాలి.