మందిర వాద్యములను దుమ్మునుండి కాపాడుకొనుట ఎలా?



ఈసారి మీతో ఒక చిన్న సంగతిని గూర్చి మాట్లాడవలెనని ఆశపడుచున్నాను. చిన్నదే గాని మన సంఘములకు పెద్ద ఖర్చు తెచ్చిపెట్టుచున్న సంగతి. మందిరములోనున్న హార్మోనియమును, కీబోర్డును, తబలాను, గిటారును దుమ్ము పాడుచేయకుండ ఎట్లు కాపాడుకొనవలెను? అదియు డబ్బు పెట్టకుండ, లేదా చాల తక్కువ డబ్బుతో?

మన పల్లె సంఘములలో ఒక వాద్యము ఎట్లు వచ్చునో మీరెరుగుదురు. తల్లులు అన్నము వండేముందు ఒక పిడికెడు బియ్యము తీసి పక్కన పెట్టుదురు. ఆ బియ్యము మందిరమునకు తెచ్చి అమ్మగా వచ్చిన రూపాయలు కూడబెట్టి, దానికి యౌవనస్థులు మరికొంత చేర్చి, ఒక హార్మోనియమో కీబోర్డో కొందురు. అట్లు వచ్చినది మూడేండ్లకే మూగబోతే ఎట్లుండును? బాగుచేయువాడు పట్నములో ఉండును. బస్సు చార్జీ, ఒక మనిషి ఒకరోజు కూలి, ఆపైన రిపేరు ఖర్చు. అన్ని వారములు చప్పట్లతోనే పాడుకొనవలెను. చప్పట్లతో పాడుట తక్కువని నేననను. గాని ఒక పిల్లవాడు అప్పుడప్పుడే వాయించుట నేర్చుకొనుచున్నాడనుకొనుడి. సరిగా ఆ సమయములో వాద్యము మూలబడితే వాడు మరల దాని దగ్గరకు రావడము కష్టము. నాకు రిపేరు ఖర్చుకంటె ఆ నష్టమే ఎక్కువగా కనబడుచున్నది.

వేదాంత కళాశాలలో మాకు గ్రీకు నేర్పిరి, హెబ్రీ నేర్పిరి గాని హార్మోనియము తుడుచుట ఎవరును నేర్పలేదు! ఇద్దరు ముగ్గురు మేస్త్రీల దగ్గర కూర్చుండి, వారు పెట్టె విప్పుచుండగా చూచి తెలిసికొన్న సంగతులే ఇవి.

మొదట హార్మోనియము సంగతి చూతము. దాని వెనుకనున్న తిత్తిని మీరు ఊపినప్పుడు గాలి తిత్తికున్న రంధ్రముల గుండా లోపలికి వచ్చును. ఆ రంధ్రములకు లోపలివైపు తోలు మూత ఉండును. అది గాలిని రానిచ్చును గాని తిరిగి పోనియ్యదు. వచ్చిన గాలి లోపలి తిత్తిలో నిలిచి, మీరు మెట్టు నొక్కగానే దాని క్రిందనున్న రీడు గుండా పైకి పోవును. రీడు అనగా ఒక ఇత్తడి పలకకు ఒక చివర బిగించిన సన్నని లోహపు నాలుక. ఆ నాలుకకును పలకలోని సందుకును మధ్య ఉండేది వెంట్రుకవాసి ఖాళీ మాత్రమే. 440 శ్రుతిగల స్వరము పలుకవలెనంటే ఆ నాలుక సెకనుకు 440 సార్లు ఊగవలెను. ఒక్క నూలుపోగు ఆ సందులో చిక్కితే స్వరము పలుకదు, లేదా తేనెటీగవలె జుమ్మని గీపెట్టును. దుమ్ము నాలుక కొనమీద పేరుకొంటే బరువెక్కి శ్రుతి దిగిపోవును. అదే దుమ్ము మెట్టు క్రింద గాలిని మూసియుంచు తోలు బిళ్లకు అడ్డుపడితే, ఎవరును ముట్టకుండానే ఒక స్వరము ప్రార్థన మధ్యలో మోగుచునే యుండును. ఇది మీలో చాలామంది విన్నదే.

42 మెట్లు, రెండు వరుసల రీడ్లు ఉన్న పెట్టెలో 84 నాలుకలు ఉండును. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో అనేకము రాగతాళములతో కట్టబడినవి. వాటిలో ఒక్క స్వరము పలుకకపోయినా కీర్తన కుంటుపడును.

ఇక్కడ ఒక మాట గమనించండి. హార్మోనియము మనము కూర్చున్న గదిలోని గాలినే పీల్చును. ఆ గాలిలో ఏమున్నదో అదే దాని కడుపులోనికి పోవును. ఐరోపాలో పుట్టినప్పుడు అది కాళ్లున్న బల్లవలె నిలువబడి, పాదములతో త్రొక్కబడుచుండెను. కలకత్తావాడైన ద్వారకానాథ్ ఘోష్ 1875లో దానిని నేలమీద కూర్చుండి ఒక చేత ఊపుచు ఒక చేత వాయించునట్లు మార్చెను. మనకు ఎంతో మేలు కలిగెను గాని పెట్టె నేలకు దిగెను, నేల దుమ్మునకు దగ్గరాయెను. కాబట్టి వాయించనప్పుడు దానిని అడుగున్నర ఎత్తు బల్లమీద ఉంచుడి. గోడకు ఆనించకండి, జానెడు ఎడము ఉండనియ్యండి.

మన ప్రాంతమంతట దుమ్ము ఒక్క విధముగా ఉండదు. చీమకుర్తి వైపు గ్రానైటు పొడి, తాండూరులో నాపరాతి పొడి, కొత్తగూడెములో బొగ్గు నుసి. ఇవి గరుకైనవి. వీటిని గట్టిగా రుద్దితే గీతలు పడును. పత్తి పండే ఊళ్లలో గాలిలో తేలు దూది పోగులు రీడ్లకు రాతిపొడికంటె కూడ ప్రమాదకరము, ఏలయనగా పోగు సందులో చుట్టుకొని కదలదు. గుంటూరు మిరప కళ్లముల దగ్గర సంగతి నేను చెప్పనక్కరలేదు, వాయించువాడే ముందు తుమ్మును.

ఇక మందు ఏమిటి? పాత నూలు దుప్పటి, లేదా తల్లుల పాత నూలు చీర. నాలుగైదు సార్లు ఉతికి మెత్తబడినదైతే మరీ మంచిది, క్రొత్త గుడ్డ తానే నూలు రాల్చును. రెండు మడతలు వేసి, పెట్టె కొలతకు నాలుగు వైపుల బెత్తెడు దిగునట్లు కుట్టించండి. సంఘములో కుట్టుమిషను ఉన్న సహోదరి ఎవరో ఒకరు ఉండనే ఉందురు. ప్లాస్టిక్ కవరు ఎందుకు వద్దంటున్నాను? దుమ్మును బాగానే ఆపును గాని తేమను కూడ లోపలనే బంధించును. వానకాలములో దాని క్రింద తోలుకు బూజు పట్టును, చెక్క ఉబ్బి మెట్లు బిగిసిపోవును. పైకప్పు కారే మందిరమైతే ఆ వానరోజులకు మాత్రము గుడ్డపైన ప్లాస్టిక్ పరచి, వాన వెలిసిన వెంటనే తీసివేయండి. తోలును, ఉన్నిబిళ్లలను పురుగు తినకుండ ఎండిన వేపాకు ఉంచు అలవాటు మన పెద్దలది. ఉంచండి గాని గుడ్డలో మూటగట్టి ఉంచండి, లేకుంటే ఆ ఆకే పొడియై క్రొత్త దుమ్మగును. కలరా ఉండలు పిల్లలు తిరుగు చోట నేనైతే పెట్టను, మిఠాయి అనుకొని నోట వేసికొందురు.

గుడ్డకంటె ముఖ్యమైనది చీపురు వేళ. చాల మందిరములలో జరుగునదేమి? ఆదివారము ఉదయము తలుపులు తీసి, వాద్యముల మీది గుడ్డ తీసి, ఆ పిమ్మట ఊడ్చుదురు! చాపలు లోపలనే దులుపుదురు. ఫ్యాను వేయుదురు. లేచిన దుమ్మంతయు తిన్నగా తెరచియున్న మెట్ల మధ్యకు దిగును. మీరు శనివారము సాయంత్రమే నీళ్లు చిలకరించి ఊడ్చండి, చాపలు బయట దులపండి. ఆదివారమే ఊడ్వక తప్పనప్పుడు గుడ్డ కప్పియుంచి, దుమ్ము దిగువరకు అరగంట ఆగండి. దీనికి పైసా ఖర్చు లేదు. రిపేరులలో సగము దీనితోనే తప్పునని నా నమ్మకము.

అప్పటికే చేరిన దుమ్ము తీయుటకు రంగులు వేయు మెత్తని ఒక అంగుళము బ్రష్షు చాలును. మెట్ల మధ్య పైపైన విదిలించండి. నోటితో ఊదకండి. మన ఊపిరిలో తడి ఉన్నది, ఆ తడి లోహమునకు చిలుము పట్టించును. టైరు షాపులోని గాలి కొట్టు గొట్టము కూడ వద్దు. ఆ గాలిలో నీరు, నూనె తుంపరలు వచ్చును, ఆ వేగమునకు నాలుకలు వంగును. రీడ్లను గీకుట మాత్రము మేస్త్రీకే విడిచిపెట్టండి, ఒక్క గీత చాలు శ్రుతి మారుటకు.

కీబోర్డు గాలి పీల్చదు గాని దానికి వేరొక బలహీనత ఉన్నది. 61 మెట్లలో ప్రతిదాని క్రింద రబ్బరుకు అంటిన కార్బన్ బిళ్లలుండును. నొక్కు బలమును గుర్తించు రకములలో రెండు బిళ్లలు ఒకదాని వెంట ఒకటి తగులును. ఆ రెంటి మధ్య పట్టిన సమయమును బట్టి మీరు మెల్లగా నొక్కితిరో గట్టిగా నొక్కితిరో అది లెక్కగట్టును. దుమ్ము వాటి మధ్య చేరితే లెక్క తప్పును. మెట్టు పలుకదు, లేదా మెత్తని పాట మధ్యలో ఉరిమినట్లు పలుకును. దానిని వాయించువాని తప్పనుకొని కోప్పడు పెద్దలను నేను చూచితిని, పాపము! పొడిగుడ్డతో ప్లాస్టిక్‌ను గట్టిగా రుద్దకండి. రుద్దినకొద్దీ విద్యుదావేశము పుట్టి దుమ్మును మరింత లాగును. కొంచెము తడిపి బాగుగా పిండిన గుడ్డతో, స్విచ్చి ఆపి, అడాప్టరు తీసి తుడవండి. కప్పేముందు కూడ స్విచ్చి ఆపినారో లేదో చూడండి, వేసవిలో గుడ్డ క్రింద వేడెక్కును. టీ గ్లాసు దానిమీద పెట్టువారిని ప్రేమతో గద్దించండి.

తబలాకు, డోలకుకు తడి పనికిరాదు. చర్మముమీద చల్లు పౌడరు, చెమట, దుమ్ము కలిసి అట్టకట్టును. వాయించిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, దూది కుట్టిన గుండ్రని మెత్త పైన వేయండి.

గిటారునకు పాత లుంగీతో సంచి కుట్టవచ్చును. తీగెలను ప్రతిసారి తుడవండి, చెమటమీద దుమ్ము నిలిస్తే త్వరగా తుప్పు పట్టును. గుండ్రని రంధ్రములోనుండి కడుపులోనికి పోయిన దుమ్మును తీయుటకు ఒక ఉపాయమున్నది. తవుడు లేకుండ జల్లించిన పొడి బియ్యము రెండు పిడికెళ్లు లోపల పోసి, మెల్లగా అటు ఇటు ఊపి, తలక్రిందులు చేసి రాల్చండి. మూలలనున్న దుమ్ము ఉండలు గింజలతో బయటకు వచ్చును. లోపల బ్యాటరీ, వైర్లు ఉన్న గిటారైతే ఇది చేయవద్దు. ఆ బియ్యము కోళ్లకు వేయండి.

ఇవన్నీ విని కొందరు పెద్దలు, అయితే బీరువాలో పెట్టి తాళము వేద్దామందురు. దయచేసి అట్లు చేయకండి. వాడని హార్మోనియములో తోలు బిగుసుకొనును, రీడ్లు చిలుము పట్టును, ఎలుక తిత్తి కొరికినా ఎవరికిని తెలియదు. వారమునకు రెండు మూడు సార్లు వాయించబడు పెట్టె మూలనున్న దానికంటె బాగుండును. తాళపుచెవి ఒక్క పెద్దయొద్ద కాక, నేర్చుకొనుచున్న పిల్లలకు అందునట్లు ఉంచి, గుడ్డ కప్పు బాధ్యత కూడ ఆ పిల్లలకే అప్పగించండి. ఆడపిల్లలకును అప్పగించండి. వారి తల్లుల బియ్యముతోనే గదా అది వచ్చినది.

క్రిస్మసుకు ముందు మందిరమునకు సున్నము వేయుదురు, గోడలు గీకుదురు, పుట్టీ రుద్దుదురు. ఏడాదంతటిలో వాద్యములకు అపాయకరమైన వారము అదే, ఆ పొడి అంత సన్నము. అప్పుడు గుడ్డ చాలదు. పని మొదలుకాకముందే వాద్యములన్నిటిని కాపరి ఇంటికి గాని దగ్గరలోని విశ్వాసి ఇంటికి గాని మోసికొనిపొండి. పని ముగిసి, నేల రెండు మారులు కడిగి, కిటికీలు తెరచి ఒకరోజు ఆరనిచ్చిన పిమ్మటనే తిరిగి తెండి. గుడ్డలు రెండు జతలుంటే మేలు. ఒకటి ఉతుకునకు పోయిన వారము రెండవది కప్పవచ్చును.