షోకాజ్ నోటీసు వచ్చిందా? 'కోర్టు ఉందిగా' అనుకుంటే పొరపాటే.. అక్కడ జడ్జి చూసేది వేరు!

ఒకరు బ్యాంకు క్యాషియర్. ఒకరు డాక్టర్. ఒకరు లాయర్. ఇంకొకరు కానిస్టేబుల్. నలుగురి పనులూ వేరు. కానీ ఫిర్యాదు వచ్చి, నోటీసు చేతికందిన రోజు నలుగురికీ పట్టుకునే భయం మాత్రం ఒక్కటే.. 'ఇక నా బతుకేంటి?' అని. పక్కనున్నవాళ్లు చెప్పే ధైర్యం కూడా ఒక్కటే.. 'విచారణలో ఏమైతే ఏంటి, కోర్టు ఉందిగా!'

కోర్టు ఉంది, నిజమే. కానీ కోర్టు కేసును మళ్లీ మొదటి నుంచి విచారించదు. సాక్షుల్ని కొత్తగా పిలిపించదు. 'ఈయన తప్పు చేశాడా, లేదా?' అని తేల్చే పని సాధారణంగా పెట్టుకోదు. అది చూసేది ఇంకో విషయం.. 'ఈయన తప్పు చేశాడని తేల్చిన పద్ధతి న్యాయంగా ఉందా?' అందుకే కోర్టులో గెలుపోటములు చాలావరకు ఆఫీసులోని ఆ విచారణ గదిలోనే తేలిపోతాయి. అదెలాగో చూద్దాం.

అసలు విచారణ ఎలా నడుస్తుంది?

ముందు ఫిర్యాదు లేదా ప్రాథమిక విచారణ. తర్వాత ఛార్జ్‌మెమో. అందులో ఆరోపణలేంటి, ఆధారాలుగా చూపే కాగితాలేంటి, సాక్షులెవరు అన్నది స్పష్టంగా ఉండాలి. దానికి ఉద్యోగి రాతపూర్వకంగా సమాధానం ఇస్తారు. సమాధానం నచ్చకపోతే విచారణాధికారిని నియమిస్తారు. ఆయన సాక్షుల్ని విని, కాగితాలు చూసి రిపోర్టు ఇస్తారు. ఆ రిపోర్టు చూసి, శిక్ష వేయాలా వద్దా అని నిర్ణయించేది క్రమశిక్షణ అధికారి.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. క్రిమినల్ కోర్టులో నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. శాఖాపరమైన విచారణలో అంత అక్కర్లేదు. తప్పు జరిగే ఉంటుందని ఆధారాలు ఎక్కువగా చెబితే చాలు. క్రిమినల్ కేసు కొట్టేసినా ఉద్యోగం ఆటోమేటిక్‌గా తిరిగి రాకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

ప్రభుత్వ సివిల్ ఉద్యోగులకు రాజ్యాంగంలోని ఆర్టికల్ 311 రక్షణ ఉంది. ఆరోపణలు చెప్పి, వాదన వినిపించుకునే తగిన అవకాశం ఇవ్వకుండా డిస్మిస్ చేయడం, తొలగించడం, హోదా తగ్గించడం కుదరదు. కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. ఉదాహరణకు క్రిమినల్ కేసులో దోషిగా తేలడానికి కారణమైన ప్రవర్తన మీదే చర్య తీసుకుంటే మళ్లీ విచారణ అక్కర్లేదు.

సహజ న్యాయం అంటే రెండే మాటలు

ఒకటి, అవతలి మాట వినకుండా తీర్పు చెప్పకూడదు. రెండు, తన కేసులో తానే జడ్జి కాకూడదు. చదవడానికి సింపుల్‌గానే ఉంటాయి. కేసులు పడేది మాత్రం ఎక్కువగా ఇక్కడే.

ఉత్తరప్రదేశ్‌లో ఒక పోలీసు ఉద్యోగిపై జరిగిన విచారణే చూడండి. విచారణ జరుపుతున్న అధికారే మధ్యలో సాక్షిగా మారి ఆ ఉద్యోగికి వ్యతిరేకంగా వాంగ్మూలం ఇచ్చారు. మళ్లీ వచ్చి విచారణాధికారి కుర్చీలో కూర్చున్నారు. మహమ్మద్ నూహ్ కేసుగా పేరుపడిన ఈ వ్యవహారంలో సుప్రీంకోర్టు దీన్ని తప్పుబట్టింది. సాక్షి చెప్పింది నిజమా కాదా అని తేల్చాల్సిన వ్యక్తే ఆ సాక్షి అయితే ఇక న్యాయం ఎక్కడిది?

హైదరాబాద్ కేసు.. దేశమంతటికీ రూల్

విచారణాధికారి రిపోర్టు ఇచ్చేశారు. అందులో ఏముందో ఉద్యోగికి తెలియదు. అది చదివిన పై అధికారి నేరుగా డిస్మిస్ ఆర్డర్ చేతిలో పెట్టారు. ఇది కరెక్టేనా?

ఈ ప్రశ్నకు పూర్తి సమాధానం వచ్చింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ సంస్థకు సంబంధించిన కేసులో. 1993లో ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. రిపోర్టు ఇచ్చింది వేరే విచారణాధికారి అయితే, దాని కాపీ ఉద్యోగికి ముందే ఇవ్వాలి. దానిపై ఆయన ఏం చెబుతారో విన్నాకే తుది నిర్ణయం తీసుకోవాలి. ఎందుకంటే శిక్ష వేసే అధికారి మనసుపై అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపే కాగితం అదే. ఆ కాగితమే చూపించకుండా 'నీ మాట విన్నాం' అంటే ఎలా?

ఈ తీర్పులో ఉద్యోగులకు ఉపయోగపడే పాయింట్లు ఇంకో రెండు ఉన్నాయి. రిపోర్టు కాపీ అడగలేదు కాబట్టి హక్కు వదులుకున్నట్టే అనడం చెల్లదు. ఉద్యోగి అడిగినా, అడగకపోయినా ఇవ్వాల్సిందే. ప్రభుత్వ ఆఫీసు అయినా, ప్రైవేటు సంస్థ అయినా ఇదే రూల్.

విచారణాధికారి 'తప్పు లేదు' అని రిపోర్టు ఇచ్చినా, పై అధికారి ఒప్పుకోకపోతే? 1998లో పంజాబ్ నేషనల్ బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు దీనికీ జవాబు చెప్పింది. తాను ఎందుకు ఒప్పుకోవడం లేదో ఆ కారణాలు ముందు ఉద్యోగికి తెలియజేయాలి. ఆయన మాట విన్నాకే ముందుకెళ్లాలి.

బస్సు ఛార్జీలకు డబ్బుల్లేక రాలేకపోతే?

కేజీఎఫ్ పేరు ఇప్పుడు సినిమాతో అందరికీ తెలుసు. ఆ కోలార్ గనుల్లోనే నిజంగా జరిగిన కథ ఇది. 1985లో భారత్ గోల్డ్ మైన్స్‌కు చెందిన ఒక సెక్యూరిటీ ఆఫీసర్ ఇంట్లో సోదాలు జరిగాయి. బంగారం కలిసిన ఇసుక, ముద్ద దొరికాయన్నారు. సస్పెండ్ చేశారు. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లకు ఇవ్వాల్సిన జీవనభృతి ఇవ్వలేదు. కేరళలోని సొంతూరికి వెళ్లిన ఆయన దగ్గర విచారణకు తిరిగి రావడానికి డబ్బులు లేవు. ఆయన లేకుండానే విచారణ ముగించి డిస్మిస్ చేశారు.

అదే సోదాల మీద నడిచిన క్రిమినల్ కేసులో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. 1999లో సుప్రీంకోర్టు ఆయన్ను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని ఆదేశించింది. జీవనభృతి ఆపేసి, 'విచారణకు రాలేదు' అని అనడం అవకాశం ఇవ్వకపోవడంతో సమానమే అన్నది ఈ తీర్పు సారాంశం. నోటీసు పంపితే సరిపోదు, ఆ మనిషి వచ్చి మాట్లాడగలిగే పరిస్థితి కూడా ఉండాలి.

సీఏలు, లాయర్లు, డాక్టర్ల సంగతేంటి?

వీళ్లపై చర్య తీసుకునేది యజమాని కాదు. వాళ్ల వృత్తి సంస్థే. సీఏలకు ఇన్‌స్టిట్యూట్, లాయర్లకు బార్ కౌన్సిల్, డాక్టర్లకు మెడికల్ కౌన్సిల్. అంటే తోటి వృత్తివాళ్లే కూర్చుని తీర్పు చెబుతారు. పోయేది ఒక ఉద్యోగం కాదు, ఆ వృత్తి చేసుకునే హక్కే. కాబట్టి ఇక్కడ పద్ధతి ఇంకా పక్కాగా ఉండాలి.

1986లో సీఏ ఇన్‌స్టిట్యూట్ వర్సెస్ రత్నా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అప్పట్లో క్రమశిక్షణ కమిటీ విచారణ చేసి రిపోర్టు ఇచ్చేది. దోషి అవునో కాదో కౌన్సిల్ తేల్చేది. ఆ దశలో సభ్యుడి మాట వినలేదు. పైగా కమిటీలో కూర్చున్నవాళ్లే కౌన్సిల్‌లోనూ ఉన్నారు. రెండూ తప్పేనని కోర్టు తేల్చింది. 'అప్పీల్ ఉంది కదా, అక్కడ చెప్పుకోవచ్చు' అన్న వాదననూ ఒప్పుకోలేదు. ఒక ప్రొఫెషనల్‌పై ఒకసారి మచ్చ పడితే, తర్వాత అప్పీల్‌లో గెలిచినా పోయిన పేరు పూర్తిగా తిరిగి రాదు కాబట్టి మొదటి దశలోనే న్యాయం జరగాలి.

లాయర్లకు 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ఉంది. రాష్ట్ర బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీ ఫిర్యాదు అందిన ఏడాదిలోగా తేల్చాలి. లేకపోతే కేసు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్లిపోతుంది. రాష్ట్ర కమిటీ ఆర్డర్‌పై 60 రోజుల్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, అక్కడి ఆర్డర్‌పై మరో 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీల్ చేయొచ్చు.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. 1995లో కోర్టు ధిక్కార కేసులో సుప్రీంకోర్టే ఒక సీనియర్ అడ్వొకేట్‌ను మూడేళ్లు ప్రాక్టీస్ చేయకుండా సస్పెండ్ చేసింది. 1998లో ఐదుగురు జడ్జిల ధర్మాసనం అది కుదరదని చెప్పింది. లైసెన్స్ విషయం చట్టం చెప్పిన పద్ధతిలో బార్ కౌన్సిలే తేల్చాలి. ధిక్కార కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ దారి దాటి నేరుగా లైసెన్స్ తీసేయలేదన్నమాట.

డాక్టర్ల విషయంలో 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ప్రకారం, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ చర్య తీసుకునే ముందు డాక్టర్ మాట వినాల్సిందే. ఆ నిర్ణయం నచ్చకపోతే ముందు ఎథిక్స్ బోర్డుకు, ఆ తర్వాత కమిషన్‌కు అప్పీల్ ఉంది.

మరి కోర్టు ఎంతవరకు వస్తుంది?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ముందు క్యాట్‌కు వెళ్తారు. తెలుగు రాష్ట్రాల్లో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్ వేస్తారు. ఆ కోర్టు ఎంత లోతుగా చూడొచ్చన్న దానిపై ఇప్పటికీ తరచూ వినిపించే తీర్పు కూడా ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిందే. 1963 నాటి శ్రీరామారావు కేసు అది. ఒక పోలీసు అధికారిపై వేసిన శిక్షను హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. రిట్ విచారణలో హైకోర్టు అప్పీల్ కోర్టు కాదని చెప్పింది. ఎంతో కొంత ఆధారం ఉంటే, అది సరిపోతుందా లేదా అని హైకోర్టు తూకం వేయకూడదు.

కోర్టు చూసేవి ఇవి.. విచారణ జరిపిన అధికారికి ఆ అధికారం ఉందా? రూల్స్ పాటించారా? అవతలి మాట విన్నారా? అసలు ఏ ఆధారమూ లేకుండానే తేల్చేశారా? పక్షపాతం ఉందా? శిక్ష విషయంలోనూ ఇంతే. చేసిన తప్పుకు, వేసిన శిక్షకు పొంతన లేక మనస్సాక్షి ఉలిక్కిపడేలా ఉంటేనే కోర్టు కలగజేసుకుంటుందని 1995లో బి.సి. చతుర్వేది కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నోటీసు రాగానే కోర్టుకు పరిగెత్తినా సాధారణంగా లాభం ఉండదు. ముందు జవాబు ఇవ్వమనే అంటారు.

గెలిస్తే ఏమొస్తుంది?

ఇక్కడే చాలామంది నిరాశపడతారు. పద్ధతి తప్పిందని కోర్టు ఒప్పుకుంటే అంతటితో కేసు ముగిసిపోదు. ఈసీఐఎల్ తీర్పులోనే ఆ సంగతి ఉంది. రిపోర్టు ఇవ్వలేదన్న ఒక్క కారణంతో శిక్షను ఆటోమేటిక్‌గా కొట్టేయరు. రిపోర్టు ఇప్పించి, 'ఇది ముందే అందకపోవడం వల్ల మీకు ఏం నష్టం జరిగింది?' అని అడుగుతారు. నష్టం లేదంటే శిక్ష అలాగే ఉంటుంది. ఉందని తేలితే, ఎక్కడ తప్పు జరిగిందో ఆ దశ నుంచి మళ్లీ విచారణ జరపొచ్చు. ఈలోగా ఉద్యోగి సస్పెన్షన్‌లోనే ఉండొచ్చు. పాత జీతం బకాయిలు వస్తాయా రావా అన్నది చివరి ఫలితం తర్వాతే తేలుతుంది.

నోటీసు వస్తే ఏం చేయాలి?

- గడువు దాటనివ్వకూడదు. టైమ్ కావాలంటే కారణం రాసి, గడువులోపే అడగాలి.
- ఛార్జ్‌మెమోలో చూపిన ప్రతి కాగితం కాపీ రాతపూర్వకంగా అడగాలి. ఇవ్వకపోతే ఆ సంగతీ రాతలో పెట్టాలి.
- వ్యతిరేకంగా చెప్పిన సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసే అవకాశం కోరాలి.
- విచారణాధికారిపై అభ్యంతరం ఉంటే మొదట్లోనే చెప్పాలి. ఓడిపోయాక చెబితే నమ్మడం కష్టం.
- సాయానికి తోటి ఉద్యోగిని పెట్టుకునే వీలు చాలా సర్వీసు రూల్స్‌లో ఉంది. లాయర్‌ను పెట్టుకోవడం మామూలుగా హక్కు కాదు. కానీ అవతల యాజమాన్యం తరఫున లా చదివిన వ్యక్తి వాదిస్తుంటే అడగొచ్చు. 1982లో బొంబాయి పోర్టు కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.
- రిపోర్టు వచ్చాక దానిపై జవాబు తప్పకుండా ఇవ్వాలి. శిక్ష పడితే ముందు శాఖాపరమైన అప్పీల్, ఆ తర్వాతే కోర్టు.

అన్నిటికీ మూలం ఒక్కటే.. రికార్డు. కోర్టు ముందుకు వెళ్లేది మనిషి గోడు కాదు, ఫైలు. విచారణ గదిలో నోటితో చెప్పిన అభ్యంతరం ఫైలులో లేకపోతే కోర్టులో అది లేనట్టే.

ఇదంతా తప్పు చేసినవాళ్లను కాపాడటానికే కదా అన్న మాట వినిపిస్తుంటుంది. కానీ ఫిర్యాదు చేసిన రోగి వైపు నుంచో, క్లయింట్ వైపు నుంచో కూడా ఒకసారి చూడాలి. డాక్టర్ నిర్లక్ష్యం నిజమే అయినా, కౌన్సిల్ ఆయన మాట వినకుండా శిక్ష వేస్తే ఆ ఆర్డర్ కోర్టులో నిలబడదు. మళ్లీ మొదటికొస్తుంది. ఈలోగా ఏళ్లు గడిచిపోతాయి. విచారణ సరిగ్గా జరిపితే తప్పు చేయనివాడు బయటపడతాడు, తప్పు చేసినవాడికి పడిన శిక్ష కోర్టులోనూ నిలుస్తుంది.