ఒకే పేరు, అనేక రూపాలు: మలేరియా క్రిమి వైవిధ్యం

మశూచికం సోకి బ్రతికి బయటపడినవారికి ఆ వ్యాధి మరల రావడం బహు అరుదని మన పెద్దలు అనుభవం వల్లనే ఎరుగుదురు. ఆ మశూచికం లోకంనుండి నిర్మూలమైనదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. మలేరియా సంగతి అట్లా కాదు. చలిజ్వరమని, మన్యపు జ్వరమని మన పల్లెలు ఎరిగిన ఈ జాడ్యం నిరుడు వచ్చినవారికే ఈ యేడు మళ్ళీ వస్తుంది. ఈ యేడు వచ్చినవారికి వచ్చే యేడు రాదన్న హామీ లేదు. దీనికి కారణమేమి?

దోమలు మళ్ళీ కుడతాయి గనుక మళ్ళీ వస్తుందని శ్రోతలు చెప్పవచ్చును. అది సగం సమాధానమే. దోమ తెచ్చినది నిరుటి క్రిమే అయితే మన దేహం దానిని చాలవరకు గుర్తుపట్టి అణచివేయగలిగి ఉండేది. దోమ తెచ్చేది తరచుగా పాత క్రిమి కాదు. పేరు అదే, రూపం వేరు. ఈ రూపభేదాలు ఎట్లా పుడుతున్నవి, వాటివల్ల మనకు కలిగే చిక్కులేమి అన్న విషయమే ఈ ప్రసంగంలో మేము చెప్పదలచుకొన్నది.

మనుష్యులలో మలేరియా కలిగించే పరాన్నజీవుల జాతులు అయిదు. మన దేశంలో హెచ్చుగా కనిపించేవి వైవాక్స్, ఫాల్సిపారం అనే రెండు. వైవాక్స్ కాలేయంలో నిద్రాణంగా దాగి ఉండి, తగిన చికిత్స జరగకపోతే కొన్నాళ్ళకు మళ్ళీ తలయెత్తుతుంది. ఫాల్సిపారానికి ఆ గుణం లేదు. కాని మెదడుకు సోకి ప్రాణం తీయడంలో దానిదే పైచేయి. ఇక్కడ మేము ప్రధానంగా ఫాల్సిపారాన్ని గురించే ముచ్చటిస్తాము.

వరి ఒకే జాతి మొక్క. అయినా అక్కుళ్ళు వేరు, మొలగొలుకులు వేరు. ఒక వంగడం నీటి ఎద్దడికి ఓర్చుకొంటుంది, మరొకటి ఓర్చుకొనలేదు. ఒకటి తెగులుకు లొంగిపోతే వేరొకటి నిలబడుతుంది. సూక్ష్మదర్శినిలో ఒకే తీరుగా కనిపించే ఫాల్సిపారం క్రిములలో కూడా ఇట్లాగే ఎన్నో వంగడాలు ఉన్నవి. భేదం వాటి జన్యువులలో ఉన్నది. 2002లో శాస్త్రజ్ఞులు ఈ క్రిమి జన్యులిపిని ఆసాంతం చదివినారు. అందులో 14 క్రోమోజోములు, సుమారు 2 కోట్ల 30 లక్షల అక్షరాలు, సుమారు 5,300 జన్యువులు ఉన్నట్లు తేలినది. ఆ అక్షరాలలో అక్కడక్కడ వచ్చే తేడాలే ఒక వంగడాన్ని మరొకదానినుండి వేరుచేస్తున్నవి.

ఈ తేడాలు రెండు విధాల కలుగుతవి. మనిషి నెత్తురులో ఈ క్రిమికి ఆడ మగ కలయిక లేదు. ఎర్ర రక్తకణంలో దూరి, సుమారు 48 గంటలలో తనవంటి పిల్లలను పదుల సంఖ్యలో పుట్టించి, ఆ కణాన్ని పగులగొట్టుకొని బయటికి వస్తుంది. జన్యులిపిని ఇన్నిసార్లు ఎత్తి వ్రాయడంలో ఎక్కడో ఒక అక్షరం తప్పిపోతుంది. రోగి దేహంలో క్రిములు కోట్లకొలదిగా ఉంటవి గనుక, అరుదైన తప్పు కూడా ఎక్కడో ఒకచోట జరగక మానదు. ఇది మొదటి విధం.

రెండవది దోమ కడుపులో జరుగుతుంది. రోగి నెత్తురుతోపాటు దోమ కడుపులోకి పోయిన క్రిములలో కొన్ని ఆడవి, కొన్ని మగవి. వాటి కలయిక అక్కడనే జరుగుతుంది. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ ఒక దోమను కోసి, దాని జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులు గల కణాలను చూచినారు. మలేరియాను వ్యాపింపజేసేది దోమ అన్న సిద్ధాంతానికి అది పునాది అయినది; 1902లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది. ఆనాడు రాస్ చూచినవి ఆ కలయిక ఫలితంగా ఏర్పడిన తిత్తులు. కొత్త క్రిములు వేలకొలదిగా తయారయ్యే స్థలాలు అవే.

దోమ పీల్చిన నెత్తురులో ఒకే వంగడం ఉంటే పుట్టే సంతానం ఇంచుమించు దానివంటిదే. రెండు మూడు వంగడాలు ఉన్నప్పుడు వాటి జన్యువులు పేకముక్కలవలె కలిసి, మునుపు లేని పొందికలు ఏర్పడతవి. మలేరియా ముమ్మరంగా ఉన్న ఆఫ్రికా పల్లెలలో ఒకే మనిషి నెత్తురులో అనేక వంగడాలు ఉండడం సామాన్యం. కనుక అక్కడ వైవిధ్యం అత్యధికం. వ్యాధి వ్యాప్తి తక్కువగా ఉండే ఆగ్నేయాసియాలో, దక్షిణ అమెరికాలో వైవిధ్యం తక్కువ. అందువల్ల రోగుల రక్తపు చుక్కలను కాగితంపై ఎండబెట్టి, వాటిలోని జన్యులిపిని చదివి, ఒక ప్రాంతంలో వ్యాధి తగ్గుముఖం పట్టినదా, లేక ఇతర ప్రాంతంనుండి దిగుమతి అవుతున్నదా అన్న సంగతిని ఊహించవచ్చును.

ఈ వైవిధ్యంవల్ల మనకు కలిగే మొదటి చిక్కు వ్యాధి నిరోధక శక్తికి సంబంధించినది. ఫాల్సిపారం తాను దూరిన రక్తకణం ఉపరితలంపై ఒక ప్రోటీనును నిలుపుతుంది. దానిని చేసే జన్యువులు ఒక్కొక్క క్రిమిలో సుమారు 60 ఉన్నవి. క్రిమి వాటిలో ఒకదానిని విడిచి ఒకదానిని వాడుతుంది. మన దేహం ఒక వేషాన్ని గుర్తుపట్టేసరికి మరొక వేషం సిద్ధం. పైగా ఒక వంగడం పెట్టెలోని వేషాలు వేరొక వంగడం పెట్టెలో ఉండవు. అందుచేతనే పిల్లలు అనేక పర్యాయాలు జ్వరపడితేగాని కొంతపాటి రక్షణ కలుగదు.

రెండవ చిక్కు మందులకు సంబంధించినది. క్లోరోక్విన్ ఒకప్పుడు చౌకగా దొరికిన దివ్యౌషధం. దానికి లొంగని ఫాల్సిపారం 1950వ దశకం చివర థాయిలాండు, కంబోడియా సరిహద్దులోను, కొలంబియాలోను తలయెత్తినది. మన దేశంలో 1973లో అస్సాంలో కనిపించినది. 1978 నాటికి తూర్పు ఆఫ్రికాకు చేరినది. ఆఫ్రికా చేరిన ఆ క్రిములు ఆసియా క్రిముల వారసులేనని తరువాత జన్యు పరీక్షలు నిరూపించినవి. ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ కూడా ఒకటి ఉన్నది. మలావీ దేశం 1993లో క్లోరోక్విన్ వాడుక మానివేసినది. మందుకు లొంగే పాత వంగడాలు అక్కడ పూర్తిగా నశించలేదు. మందు బెడద తొలగగానే అవి మళ్ళీ ప్రబలినవి. 2006లో ప్రకటించిన పరీక్షా ఫలితాలలో అదే మందు అక్కడ మళ్ళీ చక్కగా పనిచేసినది.

చైనా శాస్త్రజ్ఞురాలు తూ యూయూ బృందం 1970వ దశకంలో వెలికితీసిన ఆర్టెమిసినిన్‌కు కూడా, 2008 తరువాత పశ్చిమ కంబోడియాలో క్రిములు ఆలస్యంగా లొంగుతున్నట్లు బయటపడినది. ఆ మందును ఒంటరిగా ఇవ్వకుండా మరొక మందుతో జతచేసి ఇవ్వడంలోని కిటుకు శ్రోతలు గ్రహించగలరు. ఒక మందును తట్టుకొనే క్రిమి పుట్టవచ్చును. రెండింటిని ఒక్కసారే తట్టుకొనే క్రిమి పుట్టడం బహు దుర్లభం. కాని జ్వరం తగ్గినదని రోగి సగంలో మందు మానితే, కొంత ఓర్చుకొనగల క్రిములే మిగిలి దోమకు అందుతవి.

మూడవ చిక్కు పరీక్షలలో, టీకాలలో కనిపిస్తుంది. రక్తపు చుక్కతో నిమిషాలలో ఫలితం చెప్పే పరీక్షలు చాలవరకు క్రిమి విడిచే ఒక ప్రోటీనును వెదుకుతవి. ఆ ప్రోటీనుకు ఆధారమైన జన్యువే లేని క్రిములు పెరూ దేశపు అమెజాన్ ప్రాంతంలో ఉన్నట్లు 2010లో ప్రకటితమైనది. అటువంటి క్రిములు సోకితే, వ్యాధి ఉన్నా పరీక్ష లేదనే చెబుతుంది. మాలీ దేశపు పిల్లలపై ప్రయోగించిన ఒక టీకా, తనను తయారుచేయడానికి ఆధారమైన వంగడంతో సరిపోలే క్రిములనుండి బాగా రక్షించి, మొత్తంమీద చెప్పుకోదగిన రక్షణ ఇవ్వలేదని 2011లో తేలినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసిన తొలి మలేరియా టీకా విషయంలోను, సరిపోలిన క్రిములపై సుమారు 50 శాతం, సరిపోలనివాటిపై సుమారు 33 శాతం రక్షణ కనిపించినది.

మన దేశం ఈ విషయంలో గట్టి పాఠమే నేర్చినది. 1953లో మలేరియా అదుపు పథకం, 1958లో నిర్మూలన పథకం ఆరంభమైనవి. 1965 నాటికి రోగుల సంఖ్య ఏడాదికి సుమారు ఒక లక్షకు దిగినది. ఇక పని ముగిసినదనే భావన కలిగినది. 1976లో ఆ సంఖ్య 64 లక్షలకు పైబడినది. దోమలు డి.డి.టి.కి లొంగకపోవడం, పనివారిలో పట్టు సడలడం, క్రిములు మందుకు లొంగకపోవడం, అన్నీ ఇందుకు కారణాలే. మిగిలిన కొద్దిపాటి విత్తనమే మళ్ళీ పైరు కాగలదని అప్పుడు తెలిసినది.

కనుక గృహస్థులు గుర్తుంచుకొనవలసిన మాటలు కొన్ని ఉన్నవి. చలితో జ్వరం వస్తే ముందు రక్తం పరీక్ష చేయించుకొనవలెను. పరీక్షలో ఏమీ లేదని వచ్చినా జ్వరం విడవకపోతే, వైద్యునికి చెప్పి మరల చేయించవలెను. నిరుడు మిగిలిన మాత్రలను ఈ యేడు మింగరాదు. వైద్యుడు చెప్పిన మందును చెప్పినన్ని రోజులు, ఒంట్లో కులాసా కలిగిన తరువాత కూడా, పూర్తిగా వాడవలెను. ఇంటిలోని రోగి సగంలో మానివేసిన మందు ఆ ఇంటితో పోదు. దానికి అలవాటుపడిన క్రిమిని దోమ పొరుగింటికి చేరవేస్తుంది.