తెగిన పోగు కలిపే ఉద్యోగం

మా బడిలో రోజూ ప్రార్థన తర్వాత ఒక విద్యార్థి పేపరు చూసి వార్తలు చదువుతాడు. ఈమధ్య ఒకరోజు గాజా వార్త చదివారు. తరగతిలోకి వెళ్లాక పదో తరగతి కుర్రాడొకడు అడిగాడు: ‘‘సార్, లడాయి జరిగే చోట సిపాయిలు కాకుండ మనోళ్లు ఇంకెవరన్న పని చేస్తరా?’’ చేస్తారని చెప్పాం. వాళ్లలో మన తెలుగు నేల నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారంటే పిల్లలు నమ్మలేనట్టు చూశారు. అందుకే ఈ వారం ఆ ఉద్యోగం గురించి, అందులో పేరు తెచ్చుకున్న హైదరాబాద్ వాసి సయ్యద్ అక్బరుద్దీన్ గురించి చెప్పుకుందాం.

అక్బరుద్దీన్ 1985లో భారత విదేశాంగ సేవ (ఐఎఫ్‌ఎస్)లో చేరారు. ఈ సేవలో చేరిన ప్రతి అధికారీ ఒక విదేశీ భాష తప్పనిసరిగా నేర్చుకోవాలి. ఆయన అరబిక్ నేర్చుకున్నారు. కైరో, రియాద్‌లలో పనిచేశారు. 1995 నుంచి న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భారత కార్యాలయంలో ఉండి భద్రతామండలి సంస్కరణలు, శాంతిపరిరక్షక దళాల వ్యవహారాలు చూశారు.

1998లో ఇస్లామాబాద్‌కు వెళ్లారు. ఆ ఏడాది మే నెలలోనే రెండు దేశాలూ అణుపరీక్షలు జరిపాయి. మరుసటి ఏడాది కార్గిల్ యుద్ధం వచ్చింది. ఆ డిసెంబరులో మన విమానాన్ని కాందహార్‌కు హైజాక్ చేశారు. సరిహద్దులో తుపాకులు పేలుతున్నా రెండు రాజధానుల్లోని దౌత్య కార్యాలయాలు మూతపడలేదు. మాట పూర్తిగా తెగిపోకుండా చూడటమే అక్కడివాళ్ల పని. పోగు తెగితే సాంచె ఆపి ముడి వేస్తాం కదా, అలాంటిదే అని చెబితే మా పిల్లలకు వెంటనే అర్థమైంది.

ఆ తర్వాత జెడ్డాలో కాన్సుల్ జనరల్‌గా, వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో పనిచేసి, 2012లో విదేశాంగ శాఖ అధికార ప్రతినిధి అయ్యారు. 2014లో ఇరాక్‌లో ఐసిస్ చెరలో చిక్కుకున్న 46 మంది భారతీయ నర్సులు జూలై 5న క్షేమంగా కొచ్చి చేరారు. ఆ రోజుల్లో ఆ కుటుంబాలకూ దేశానికీ రోజూ సంగతులు చెప్పింది ఆయనే. ఏది చెప్పాలో, ప్రాణాలు దక్కాలంటే ఏది చెప్పకూడదో తెలిసినవాళ్లే ఆ కుర్చీలో కూర్చోగలరు.

2016 నుంచి 2020 దాకా ఐక్యరాజ్యసమితిలో భారత శాశ్వత ప్రతినిధిగా ఉన్నారు. 2017 నవంబరులో అంతర్జాతీయ న్యాయస్థానం ఎన్నికలో మన దల్వీర్ భండారీకి పోటీగా ఉన్న బ్రిటన్ అభ్యర్థి తప్పుకున్నారు. 1946 తర్వాత ఆ న్యాయస్థానంలో బ్రిటన్ న్యాయమూర్తి లేకపోవడం అదే మొదటిసారి. 2019 మే 1న మసూద్ అజహర్‌ను ఐక్యరాజ్యసమితి ఉగ్రవాదుల జాబితాలో చేర్చింది. దాని వెనక పదేళ్ల పట్టుదల ఉంది.

మేం పిల్లలకు ప్రత్యేకంగా చెప్పింది 2019 ఆగస్టు 16 నాటి సంఘటన. కశ్మీర్‌పై భద్రతామండలి రహస్య సమావేశం ముగిసింది. బయట విలేకరుల ముందుకు వచ్చిన ఆయనను, పాకిస్తాన్‌తో చర్చలు ఎప్పుడు మొదలుపెడతారని పాకిస్తానీ విలేకరులు అడిగారు. ముందు మీతోనే మొదలుపెడతానంటూ ఆయన వాళ్ల దగ్గరికి నడిచి ముగ్గురితో కరచాలనం చేశారు. ఉగ్రవాదం ఆగాలన్న దేశం మాటను మాత్రం వదల్లేదు.

ఈ ఉద్యోగంలో ప్రమాదం లేదని మేం చెప్పం. 2008 జూలై 7న కాబూల్‌లోని మన రాయబార కార్యాలయం గేటు వద్ద కారుబాంబు పేలి యాభై మందికి పైగా చనిపోయారు. వారిలో మన తెలుగు దౌత్యవేత్త వి. వెంకటేశ్వరరావు ఒకరు. ఆయనకు మరణానంతరం కీర్తిచక్ర ఇచ్చారు. అయినా ఆ దారిలో నడిచేవాళ్లు తగ్గలేదు. ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివిన పర్వతనేని హరీష్ గాజాలో పనిచేసి, 2024లో ఐక్యరాజ్యసమితిలో మన శాశ్వత ప్రతినిధి అయ్యారు.

భివండీ పిల్లలకు ఇదంతా దూరపు సంగతి కాదు. 1970లో, 1984లో ఈ ఊరు మత కలహాలతో కాలిపోయింది. 1988లో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి పేట పేటకూ మొహల్లా కమిటీలు పెట్టి, రెండు మతాల పెద్దలను ఒక్కచోట కూర్చోబెట్టారు. 1992-93లో ముంబయి మండుతుంటే భివండీ ప్రశాంతంగా ఉంది. మాట్లాడుకోవడం ఏం చేయగలదో మన గల్లీల్లోనే రుజువుంది.

ఒక నిజం కూడా చెప్పాలి. అక్బరుద్దీన్ తల్లిదండ్రులు ఇద్దరూ ప్రొఫెసర్లు. మన పిల్లల ఇళ్లలో పుస్తకాల అలమరా ఉండదు, బీములూ కండెలూ ఉంటాయి. కానీ మన పద్మానగర్ పిల్లవాడు ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, ఆఫీసుల్లో మరాఠీ మాట్లాడతాడు. పక్క గల్లీ దోస్తుల వల్ల ఉర్దూ చెవికి తెలుసు. ఇన్ని భాషల మధ్య పెరగడం ఈ ఉద్యోగానికి మంచి పునాది.

దారి ఇదీ: ఏదైనా డిగ్రీ, 21 ఏళ్లు నిండాక యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ పరీక్ష. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీలలోనే ఉంటుంది కనుక ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోవడం ఇప్పటి నుంచే అలవాటు కావాలి. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, తెలుగు సాహిత్యం ఐచ్ఛికంగా తీసుకోవచ్చు, ఇంటర్వ్యూలోనూ తెలుగు మాట్లాడొచ్చు. మన మాధ్యమం అక్కడ అడ్డంకి కాదు.

అడ్డంకి పదో తరగతి తర్వాతే ఉంది. ఆ ప్రశ్న అడిగిన కుర్రాణ్ని పరీక్షలు కాగానే సాంచెల మీద పెడదామని ఇంట్లో అనుకుంటున్నారు. రాత్రి పాళీ ముగించుకుని వచ్చిన వాళ్ల నాన్నను కలిసి, కనీసం పన్నెండు దాకా చదివించమని అడిగాం. ‘‘చూద్దాం సార్’’ అన్నాడు. కాదనలేదు. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తాం.