మనసు మట్టం ఎంత?

'ఏంటో... ఈమధ్య మనసేం బాగుండట్లేదు.' ఇంట్లో ఎవరో ఒకరు అనే మాటే ఇది. 'ఎప్పట్నుంచి?' అని అడిగి చూడండి. నిన్నట్నుంచా, పోయిన వారమా, నెల నుంచా... ఠక్కున చెప్పలేరు. పాలు ఎన్ని లీటర్లు పోయించుకున్నామో క్యాలెండర్ మీద రాసుకుంటాం. గ్యాస్ బండ మార్చిన తేదీ రాసుకుంటాం. మన గురించి మాత్రం ఒక్క ముక్కా రాసుకోం!

నిజానికి అదేం పెద్ద పని కాదు. ఓ చిన్న నోటుపుస్తకం, రోజుకు రెండు నిమిషాలు చాలు.

నదికి ఉంది... మనకు లేదు

కృష్ణాతీరంలో ఉన్నవాళ్లకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం, ప్రవాహం రోజూ నమోదు చేస్తారు. ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. 2024 సెప్టెంబరులో అది 11 లక్షలు దాటింది. 'నీళ్లు కాస్త ఎక్కువగా ఉన్నట్టున్నాయి' అని ఎవరూ ఊరుకోరు. కొలిచి రాస్తారు. ఏళ్ల తరబడి రాసిన అంకెలున్నాయి కాబట్టే ఏది మామూలో, ఏది ప్రమాదమో తెలుస్తుంది.

ఆ రోజుల్లోనే బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. నీళ్లు పోయాక ఇల్లు కడుక్కోవచ్చు. కానీ అలాంటి అనుభవం తర్వాత చినుకు పడితే గుండె దడ, నిద్ర పట్టకపోవడం కొందరిని చాన్నాళ్లు వదలవు. తగ్గుతోందా, పెరుగుతోందా? రాసుకుంటేనే తెలిసేది.

పాత అలవాటే!

ఇది కొత్తగా పుట్టిందేం కాదు. 18వ శతాబ్దంలో అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదమూడు మంచి గుణాలు ఎంచుకుని, చిన్న పుస్తకంలో వారానికి ఏడు గళ్లు గీసుకున్నాడు. తప్పిన రోజు నల్ల చుక్క పెట్టేవాడు. ఆశ్రమవాసులంతా రోజూ డైరీ రాయాలనేవారు గాంధీజీ. ఇప్పుడు నిద్ర పట్టనివారిని రెండు వారాలపాటు నిద్ర వివరాలు రాసి తెమ్మంటారు వైద్యులు. దిగులుకు చేసే చికిత్సలోనూ ఏ పని చేసినప్పుడు మనసెలా ఉందో రాయిస్తారు.

ఇలా రాయండి

రాత్రి పడుకునే ముందు ఒకే వరస. తేదీ, మనసుకు 1 నుంచి 5 లోపు ఓ మార్కు, ముందురోజు రాత్రి నిద్రపోయిన గంటలు, నడిచారా లేదా, సాయంత్రం కాఫీ, టీలు ఎన్ని? చివర్లో ఒక్క మాట: 'అత్తయ్యగారికి జ్వరం', 'జీతం పడింది'... అంతే.

ఒక ఇల్లాలు ఇలా మూడు వారాలు రాసిందనుకోండి. వెనక్కి తిప్పి చూస్తే, రెండు మార్కులు పడిన రోజులన్నీ ఐదు గంటలే నిద్రపోయిన రోజులు. ముందురోజు సాయంత్రం రెండేసి కాఫీలు! పిల్లల అల్లరి వల్లే విసుగనుకుంది ఇన్నాళ్లూ. అయినా అప్పుడే తీర్పు చెప్పెయ్యక్కర్లేదు. రెండు వారాలు సాయంత్రం కాఫీ మానేసి, మళ్లీ పుస్తకం చూస్తే సరి. మార్చేది ఒక్కటే అయితే ఫలితం తేలిగ్గా తెలుస్తుంది.

ఒక రోజు రాయడం మరిచిపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి. తర్వాతెప్పుడో గుర్తుచేసుకుని నింపితే ఆనాటి మనసు కాక, ఇవాళ్టి మనసే అందులోకి వచ్చేస్తుంది.

ఇంట్లోవాళ్లకో మాట

ఇది ప్రోగ్రెస్ కార్డు కాదు. 'నిన్న రెండే వేసుకున్నావేం?' అని నిలదీస్తే మర్నాటి నుంచి అన్నీ ఐదులే పడతాయి! ఎవరి పుస్తకం వాళ్లదే. రాస్తున్నకొద్దీ ఆందోళన పెరుగుతుంటే మానేసినా తప్పులేదు.

అలాగే, పుస్తకం వైద్యం చెయ్యదు. రెండు వారాలపాటు దాదాపు రోజూ దిగులుగా ఉన్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరును కలవాలి. పుస్తకం వెంట తీసుకెళితే సగం ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంటుంది. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజూ ఆగొద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

వరద వచ్చాక గేట్లెత్తడం కన్నా ముందే మట్టం తెలుసుకోవడం మేలు కదా! పిల్లల పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చూడండి. మొదటి వరస ఈ రాత్రికే!